జపాన్ నుంచి ఇంటికి ఏం తీసుకెళ్లాలి? ఎవరికి ఏది ఇస్తే మాట పడకుండా ఉంటాం?

ప్రశ్న: టోక్యోలో ఎదొగవా వైపు ఉంటున్న ఒక పాఠకురాలు రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, ముఖ్యమైన సంగతులు ఇవీ. పెళ్లయి ఐదేళ్లు, జపాన్ వెళ్లి మూడేళ్లు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా ఆమెది పార్ట్ టైమే. ఈ సంక్రాంతికి ఇంటికి వస్తున్నారు: అత్తగారిల్లు తెనాలి దగ్గర, పుట్టిల్లు ఖమ్మం. గిఫ్టులకు అనుకున్న డబ్బు లక్ష యెన్లు, లిస్టులో 24 మంది. కిందటిసారి తెచ్చిన కేకుల్లో గుడ్డు ఉందని అత్తగారికి తర్వాత తెలిసి బాధపడ్డారు, మాచా టీ పొడి డబ్బా ఇప్పటికీ మూత తీయకుండా అల్మరాలోనే ఉంది. అమెరికాలో ఉండే తోటికోడలు నిరుడు అందరికీ పెర్ఫ్యూములు, పిల్లలకు ట్యాబులు తెచ్చింది. అప్పటి నుంచి అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "జపాన్ నుంచి ఏం తెస్తావో చూద్దాం" అంటున్నారు. ఆడపడుచు "అక్కడ ఐఫోన్ చవకట కదా వదినా" అని మెసేజ్ పెట్టింది. అమ్మేమో "మాకేమీ వద్దు, మీరు క్షేమంగా వస్తే చాలు" అంటుంది. ఆ అమ్మకే మంచి రైస్ కుక్కర్ కొనాలని ఈమె కోరిక. కానీ పుట్టింటికి ఎక్కువ పెట్టిందని మాట వస్తుందేమో అని భయం. భర్తను అడిగితే "నీ ఇష్టం, ఏదో ఒకటి కొనేయ్" అంటారు. "షాపుకి వెళ్లి అరగంట నిలబడి ఖాళీ చేతులతో వచ్చేస్తున్నాను, ఇంటికెళ్తున్న సంతోషం కన్నా ఈ టెన్షనే ఎక్కువైంది" అని రాశారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం కొనాలో తెలియని మనిషి రాసినట్టు లేదు. ఎవరికి ఏది ఇష్టమో, ఎవరు ఏమంటారో మీకు బాగానే తెలుసు. మిమ్మల్ని షాపులో నిలబెట్టేస్తున్నది ఆ "ఏమంటారో" అన్నదే. 24 మందికి 24 రకాల వస్తువులు కొని, ప్రతిదీ పక్కవాళ్ల దానితో పోల్చి చూసినా సమానంగా ఉండాలంటే లక్ష కాదు, ఐదు లక్షల యెన్లున్నా కుదరదు. కాబట్టి ముందు లిస్టును రెండుగా విడదీయండి. మీరు దగ్గరుండి బాగోగులు చూసుకోవాలనుకునేవాళ్లు ఏడెనిమిది మంది ఉంటారు, వాళ్లు ఒక వైపు. పెదనాన్నలు, పిన్నత్తలు, పక్కింటివాళ్లు, మీ ఆయన కజిన్లు అందరూ ఇంకో వైపు. ఈ రెండో వైపు అందరికీ ఒకటే రకం ఇవ్వండి. రంగు, డిజైను తేడా ఉంటే ఉండొచ్చు, వస్తువు మాత్రం ఒక్కటే.

ఇది మీరున్న ఊళ్లో రోజూ చూసే పద్ధతే. మీ ఆఫీసులో ఎవరైనా హొక్కైదో వెళ్లొస్తే ఒక డబ్బా షిరోయ్ కోయ్‌బితో బిస్కెట్లు తెచ్చి మనిషికొకటి చొప్పున టేబుల్ మీద పెడతారు కదా. ఆ ఓమియాగే (ఊరెళ్లి వచ్చినవాళ్లు తెచ్చి పంచే కానుక) డబ్బాల్లో ఒక్కో ముక్కకు విడిగా కవరుంటుంది, మొత్తం ఎన్ని ఉన్నాయో డబ్బా మీదే వేస్తారు, ఎందుకంటే అవి పంచడానికే తయారుచేసినవి. మేనేజర్‌కూ కొత్తగా చేరినవాడికీ అదే ముక్క. మన ఇళ్లలో అంత తేలిగ్గా సాగదు, ఒప్పుకుంటాను, అయినా దూరపు చుట్టాల వరకు ఇదే సులువు.

అయితే మన వాళ్లకు తినేవి ఇచ్చేటప్పుడు గొడవంతా పదార్థాలతోనే. మీ అత్తగారి సంగతి జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జపాన్‌లో ప్యాకెట్ సరుకులో గుడ్డు ఉంటే ఆ మాట ప్యాకెట్ మీద రాయడం చట్టప్రకారం తప్పనిసరి, కాబట్టి ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూస్తే గుడ్డు సంగతి తెలిసిపోతుంది. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ సంగతి అలా కాదు. అలెర్జీ పట్టికలో దాన్ని చూపించడం సిఫార్సు మాత్రమే, అందుకని ఆ పట్టిక చూసి ఆగిపోకుండా పదార్థాల జాబితా మొత్తం చదవాలి. జెల్లీలు, మార్ష్‌మెలోలు, మూస్ లాంటి మెత్తటి స్వీట్లలో అది తరచుగా ఉంటుంది. సెంబెయ్ అనే కరకరలాడే బిళ్లలు బియ్యప్పిండివే కదా అని నిశ్చింతగా కొనేస్తాం, కానీ పైన పూసే సోయా సాస్‌లో చాలాసార్లు చేపల రసం కలిసి ఉంటుంది. టోక్యో బనానా, కస్తెలా అనే కేకులు, షిరోయ్ కోయ్‌బితో మూడింటిలోనూ గుడ్డు ఉంది. అవి మీ అత్తగారింట్లో గుడ్డు తినేవాళ్లకు ఫరవాలేదు, ఆమె చేతికి మాత్రం ఇవ్వకండి. పైగా టోక్యో బనానా వారం రోజులు మాత్రమే నిల్వ ఉంటుంది, తెనాలి చేరి పంచే లోపు సగం గడువు అయిపోతుంది.

ఆమె కోసమైతే యోకాన్ చూడండి. ఎర్ర అజుకి గింజల ముద్ద, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసే అగర్, ఇంతే ఉంటుంది మామూలు యోకాన్‌లో. కోసి ముక్కలు పెడితే మన హల్వా తిన్నవాళ్లెవరికీ కొత్తగా అనిపించదు. తొరాయా లాంటి పాత షాపుల చిన్న యోకాన్లు సుమారు ఏడాది నిల్వ ఉంటాయి. బరువుంటాయి కాబట్టి రెండు మూడు డబ్బాలతో ఆపండి. క్యోటో వైపు వెళ్తే యత్సుహషి అని బియ్యప్పిండి, చక్కెర, దాల్చినచెక్కతో కాల్చిన కరకరలాడే బిళ్లలు దొరుకుతాయి, అవీ బాగుంటాయి. ఏది కొన్నా తెలుగులో చిన్న చీటీ రాసి డబ్బా మీద అంటించండి: ఇందులో ఏముంది, గుడ్డు లేదు, ఫలానా తేదీలోపు తినాలి అని. తేదీ ఎందుకంటే అక్కడ ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు వేస్తారు. 26.3.5 అని ఉంటే 2026 మార్చి 5 అని వాళ్ల లెక్క, మన ఇంట్లో అది చదివినవాళ్లు 2005లోనే పాడైపోయిందనుకుంటారు.

ఇక అందరికీ ఒకటే రకం అన్నాను కదా, ఆడవాళ్లకు నేనైతే జాకెట్ ముక్కలు ఇస్తాను. ఆశ్చర్యపోకండి. టోక్యోలోనే నిప్పోరి స్టేషన్ దగ్గర దాదాపు కిలోమీటరు పొడవున బట్టల వీధి ఉంది, అక్కడ తానుల్లోంచి మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. నూలు బట్ట మీద అలల డిజైను, హెంప్ మొక్క ఆకుల డిజైను, సకురా (చెర్రీ) పూలు, ఇంకా ఎన్నో. పన్నా మామూలుగా 110 సెంటీమీటర్లు ఉంటుంది, మనిషికి ఒక మీటరు చాలు, ధర చాలావాటికి మీటరు వెయ్యి యెన్లలోపే, అంటే మన డబ్బుల్లో ఐదారు వందలు. సంక్రాంతికి వెళ్తున్నారు, పేరంటాలు ఉంటాయి, తాంబూలంలో పెట్టి ఇస్తే మన పద్ధతికి మన పద్ధతి, జపాన్‌కు జపాన్. పదిహేను ముక్కలు కలిపినా సూట్‌కేసులో ఒక మూలకు సరిపోతాయి. మగవాళ్లకు తెనుగుయి అనే పలుచటి నూలు గుడ్డలున్నాయి, సుమారు 90 సెంటీమీటర్ల పొడవు, వెంటనే ఆరిపోతాయి, మెడలో వేసుకోవడానికీ చెమట తుడుచుకోవడానికీ మన ఎండలకు సరిగ్గా పనికొస్తాయి. వాటి చివర్లు కుట్టకుండా వదిలేస్తారు, ఆ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పండి, లేకపోతే డ్యామేజ్ పీస్ అంటగట్టారనుకుంటారు.

ఇప్పుడు దగ్గరవాళ్లు. ఇక్కడ ధర చూడకండి, రోజులో ఆ మనిషి చేతులు ఏం పని చేస్తుంటాయో గుర్తు తెచ్చుకోండి.

మీ అత్తగారు రోజూ గంటసేపు పూజ చేస్తారని రాశారు. జపాన్ అగరొత్తులు చూశారా? లోపల వెదురు పుల్ల ఉండదు, మొత్తం సువాసన ముద్దతోనే చేస్తారు. దేవుడి దగ్గర వెదురు కాల్చకూడదని పట్టించుకునే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి, వాళ్లకు ఇది నిజంగా నచ్చే విషయం. ఆ దేశపు అగరొత్తుల్లో దాదాపు 70 శాతం హ్యోగోలోని అవాజీ దీవిలోనే తయారవుతాయి. చందనం వాసనవి తీసుకోండి, పొగ తక్కువ వచ్చే రకాలూ ఉన్నాయి. సన్నగా ఉంటాయి, చెయ్యి తగిలితే విరుగుతాయి, కాబట్టి గట్టి డబ్బాలో ఉన్నవి కొని బట్టల మధ్య పెట్టండి, వాటికి సరిపడే చిన్న స్టాండు కూడా కొనండి. మూడు వేల యెన్లలో మంచివి వస్తాయి. తోటికోడలి పెర్ఫ్యూమ్‌కు ఇది పోటీ కానే కాదు, దీని దారి వేరు.

మీ అమ్మగారి రైస్ కుక్కర్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. జపాన్ కరెంటు 100 వోల్టులు, మనది 230. అక్కడ ఇళ్లలో వాడే కుక్కర్ తెచ్చి ఖమ్మంలో ప్లగ్ పెడితే కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు, కానీ కుక్కర్ తీసుకునే కరెంటుకు తగినది కావాలి, అది బరువుగా ఉంటుంది, వేడెక్కుతుంది, అమ్మ రెండు రోజులు వాడి పక్కన పెట్టేస్తుంది. టోక్యోలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే అకిహబరాలో విదేశాలకు పనికొచ్చే 220-240 వోల్టుల మోడళ్లు అమ్ముతారు, అవి కొనొచ్చు, ధర ఎక్కువ, పాడైతే ఖమ్మంలో బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. హెయిర్ డ్రయ్యర్లకూ ఇదే వర్తిస్తుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులని, కింద కత్తిపీట ముందు కూర్చోలేకపోతోందని మీరే రాశారు. అందుకని నాకు తోచింది ఏమిటంటే, సంతోకు అనే జపాన్ వంటింటి చాకు మంచిది ఒకటి, కూరలు తరిగే తేలికపాటి చెక్క ఒకటి. నిలబడే కూరలు తరుక్కుంటుంది. ఉయెనో, అసకుసల మధ్య కప్పాబాషి వీధిలో వంటింటి సామాను షాపులు వరసగా ఉన్నాయి, కొన్నింటిలో చాకు మీద పేరు కూడా చెక్కి ఇస్తారు. షాపువాళ్లు కార్బన్ స్టీల్ గొప్పదని చూపిస్తారు, పదును నిజమే, కానీ చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ తగిలితే నల్లబడుతుంది, తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. మన వంటింటికి స్టెయిన్‌లెసే తీసుకోండి, ఎనిమిది పది వేల యెన్లలో జీవితకాలం వచ్చేది దొరుకుతుంది. ఆవకాయ ముక్కలు, కొబ్బరికాయ మాత్రం దాంతో కొట్టొద్దని చెప్పండి, అంచు పెచ్చులూడిపోతుంది. చెకిన్ లగేజ్‌లోనే పెట్టాలి, మర్చిపోవద్దు. చాకు చేతికిస్తే మంచిది కాదన్న పట్టింపు ఆమెకు ఉంటే ఒక రూపాయి తీసుకుని ఇవ్వండి, జపాన్‌లోనూ కొందరికి ఇదే పట్టింపు ఉంది.

నాన్నగారికి షుగర్, కాబట్టి స్వీట్ల మాటే వద్దు. పొద్దున వాకింగ్‌కు వెళ్తారన్నారు, జోజిరుషి, టైగర్ లాంటి కంపెనీల అరలీటరు స్టీలు ఫ్లాస్కు మూడు నాలుగు వేల యెన్లలో వస్తుంది, కరెంటుతో పని లేదు, నీళ్లయినా కాఫీ అయినా గంటల తరబడి అలాగే ఉంటుంది. మామగారికి కూడా అదే కొనండి, రంగు మార్చి. ఇద్దరు నాన్నలకూ ఒకటే వస్తువు అంటే ఇంక పోలికకు చోటుండదు. నొప్పుల ప్లాస్టర్లు, కంటి చుక్కలు చాలామంది సంచి నిండా తెస్తారు. బీపీ, కిడ్నీ, గ్లకోమా ఉన్నవాళ్లకు కొన్ని సరిపడవు, వాళ్ల డాక్టర్‌ను అడగకుండా పెద్దవాళ్లకు ఇవ్వకండి.

గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడికి, పదో తరగతి మేనకోడలికి పెన్నులు, పెన్సిళ్లు. ఇందులో జపాన్‌ను మించింది లేదు. జెట్‌స్ట్రీమ్ బాల్‌పెన్లు, రాస్తుంటే ములికి తిరిగే కురుతోగా పెన్సిల్, ఇవి చాలు. చెరిపేయగలిగే ఫ్రిక్షన్ పెన్నులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ ఆ సిరా 60 డిగ్రీల వేడి దాటితే కనిపించకుండా పోతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో నోట్సు వదిలేస్తే పేజీలు ఖాళీ. పరీక్షలకు, చెక్కులకు వాడొద్దని గట్టిగా చెప్పి ఇవ్వండి. ఆరేళ్ల మేనల్లుడికి ప్లారైల్ బొమ్మ బుల్లెట్ ట్రైను, నీలం పట్టాలతో. బ్యాటరీతో నడుస్తుంది, వోల్టేజీ గొడవ లేదు. మిగతా పిల్లలకు ఒక్కొక్కరికి ఐదారు వందల యెన్ల తోమికా బొమ్మకారు కొనండి, లేకపోతే ఆ ట్రైను చుట్టూ యుద్ధాలే.

ఆడపడుచు ఫోన్ సంగతి వేరేగా చూడాలి, ఎందుకంటే కొత్త ఐఫోన్ ఒక్కటి కొంటేనే మీ లక్ష యెన్లు ఇంచుమించు అయిపోతాయి. మీకు మూడు దారులున్నాయి. డబ్బు తను ఇస్తానంటే కొనివ్వడం మొదటిది. అప్పుడు ముందే చెప్పాల్సినవి ఉన్నాయి: షాపుల్లో ట్యాక్స్ ఫ్రీ బోర్డులు టూరిస్టులకే, అక్కడ ఉద్యోగం చేస్తూ ఉంటున్న మీకు ఆ 10 శాతం పన్ను తగ్గదు. ఇక్కడ దిగాక డ్యూటీ లేని పరిమితిలో ఆ ఫోన్ ధర కూడా కలుస్తుంది, బిల్లు దగ్గర ఉంచుకోవాలి. ఇవన్నీ లెక్క వేస్తే తనకే "వద్దులే, ఇక్కడే కొంటా" అనిపించవచ్చు. రెండోది, మీ ఆయన తన చెల్లెలికి అన్నగా కొనిపెట్టడం. పెట్టగలిగితే తప్పేమీ లేదు, కానీ అది గిఫ్టుల డబ్బులోంచి కాకుండా విడిగా, మీ ఇద్దరికీ తెలిసిన లెక్కతో జరగాలి. ఒకసారి కొంటే వచ్చేసారికి కూడా అడుగుతుందన్నది మనసులో పెట్టుకోండి. మూడోది, కుదరదని చెప్పడం. చెబితే రెండు రోజులు ముఖం ముడుచుకుంటుంది. ఏది ఎంచుకున్నా చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. అదే మాట వదిన చెబితే "అన్నయ్యను కొననివ్వలేదు" అవుతుంది. అన్నయ్య చెబితే అన్నాచెల్లెళ్ల మాటగా అక్కడితో ముగుస్తుంది.

మీ అత్తగారి "చూద్దాం" గురించి ఒక మాట. మీకది దెప్పినట్టు వినిపించింది, అయి ఉండొచ్చు కూడా. కోడలు కొత్త దేశం నుంచి వస్తోందని ఆమెకు నిజంగానే సరదాగా ఉండే అవకాశమూ ఉంది. తేల్చుకోవాలంటే ఈసారి ఫోన్లో మీరే అడగండి: "అత్తయ్యా, మీకు పూజకు అగరొత్తులు చూశాను, వెదురు లేనివి, చందనం తేనా, వేరే వాసన తేనా?" అని. దెప్పేవాళ్లయితే అప్పుడూ ఏదో ఒకటి అంటారు. ఎదురుచూసేవాళ్లయితే ఆ రోజే నలుగురికి చెప్పుకుంటారు, మీరు దిగేనాటికి గిఫ్టు సగం ఇచ్చేసినట్టే.

పుట్టింటికి ఎక్కువైందన్న మాట వస్తుందేమో అన్నారు. రెండిళ్ల వస్తువులూ విడివిడి సంచుల్లో సర్దండి, తెనాలిలో సూట్‌కేసు అందరి ముందూ తెరిచి కూర్చోకండి. ఎవరైనా చూసి అడిగితే దాచొద్దు, అమ్మకు చాకు, అత్తయ్యకు అగరొత్తులు, నాన్నకూ మామయ్యకూ ఫ్లాస్కులు అని చెప్పేయండి. అమ్మ "ఏమీ వద్దు" అంటోంది కాబట్టి ఆమెకు తగ్గించడం మాత్రం చేయకండి, అమ్మలు ఆ మాట అనడానికే అలవాటుపడినవాళ్లు.

లగేజ్ ఒకసారి చూసుకోండి. టోక్యో నుంచి రెండు 23 కిలోల పెట్టెలు ఇచ్చినా, ఢిల్లీ నుంచో ముంబయి నుంచో విజయవాడకు విడిగా టికెట్ తీసుకుంటే అక్కడ చాలావరకు 15 కిలోలే ఉచితం. ఒకే బుకింగ్‌లో చివరిదాకా తీసుకుంటే ఈ బాధ ఉండదు. పింగాణీ కప్పులు కొనాలనుకుంటే ఇందుకే వద్దంటాను, బరువూ పగలడమూ రెండూనూ, పైగా అక్కడ సెట్లు ఎక్కువగా ఐదేసి చొప్పున వస్తాయి, మన ఇంట్లో ఆరో మనిషి ఎప్పుడూ ఉంటాడు.

నేను చెప్పినవన్నీ కలిపితే మీ లక్షలో ఇంకా కొంత మిగులుతుంది. అది యెన్లుగానే అయిపోవాలని లేదు. ఇద్దరు అమ్మలకూ ఇక్కడ దిగాక వాళ్లను వెంటబెట్టుకుని షాపుకెళ్లి పండగ చీరలు కొనండి, రంగు వాళ్లే ఎంచుకుంటారు. మీ ఆయన మాత్రం ఈ వారాంతం మీతో కూర్చుని లిస్టులో తన వైపు పేర్లు తనే విడదీయాలి, నిప్పోరికో కప్పాబాషికో మీతో కలిసి రావాలి. ఆయన "నీ ఇష్టం" అన్నప్పుడు, "వాళ్లు మీ అమ్మానాన్నలు, మీ చెల్లెలు, మీరూ ఎంచండి" అని ఆయనతో మామూలుగానే చెప్పండి. రానంటే ఆయన వైపు వాళ్లకు ఆయనే కొనాలని డబ్బు సగం ఆయన చేతిలో పెట్టేయండి, ఆ సగంతో ఏం కొన్నా దాని మంచిచెడ్డలు ఆయనవే.